నిజాముల్ ఔఖాత్‌లో మన గడి ఏది?



ఉర్దూలో టైంటేబుల్‌ని నిజాముల్ ఔఖాత్ అంటారు. వక్త్‌కు బహువచనం ఔఖాత్. వక్త్‌లన్నిటినీ ఒక ఇంతెజామ్‌లో పెట్టిన కాగితం అన్నమాట. మస్జిద్ గోడ మీద ఫజర్ నుంచి ఇషా దాకా రాసి పెట్టే బోర్డు మీదా ఇదే మాట, ఉర్దూ మీడియం బడిలో హెడ్‌మాస్టర్ గది బయట అంటించే కాగితం మీదా ఇదే మాట. మన దక్కన్ గల్లీల్లో మాత్రం ఔఖాత్‌కు ఇంకో అర్థం ఉన్నది. కొట్లాటలో "తేరీ ఔఖాత్ క్యా హై?" అంటే టైం ఎంతయింది అని కాదు, నీ హైసియత్ ఎంత అని. కాలేజీ నోటీసు బోర్డు మీద టైంటేబుల్ చూసినప్పుడల్లా నాకు ఈ రెండు అర్థాలూ కలిసే కనపడతాయి. ఎవరి క్లాసు ఏ గంటకు, ఏ గదిలో అన్నది చదివితే చాలు, అక్కడ ఎవరి ఔఖాత్ ఎంతో తెలిసిపోతుంది.

పిల్లల తాలీమ్ గురించి మన ఇళ్లలో మాటలకు కొదవ లేదు. ఫీజు ఎంత, స్కాలర్‌షిప్ వస్తుందా, హాస్టల్ ఉందా, బుర్ఖా వేసుకుంటే ఎవరైనా ఏమైనా అంటారా, ఇవన్నీ అడుగుతాం. టైంటేబుల్ సంగతి మాత్రం ఎవరూ అడగరు. అది దఫ్తర్ లోపలి పని, మనకేం సంబంధం అనుకుంటాం. నేను ఇరవై ఏళ్లుగా ఈ జిల్లాలో రిపోర్టింగ్ చేస్తూ తిరిగిన ఇళ్లలో, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడపిల్లల కథలు విన్నప్పుడు, "ఫీజు కట్టలేక" అన్న మాట ఎంత విన్నానో "టైం కుదరక" అన్న మాటా అంతే విన్నాను. ఆ టైం అల్లా రాసింది కాదు. స్టాఫ్‌రూంలో ఒక మేజ్ మీద, పెన్సిల్‌తో, ఒక మనిషి రాసింది. అందుకే దాని గురించి అడిగే హక్కు మనకు ఉన్నది.

మా నందికొండనే తీసుకుందాం. బయటోళ్లకు ఇది నాగార్జునసాగర్. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేసిండు, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాల్వలకు నీళ్లు వదిలింది. ఆ పన్నెండేళ్లలో డ్యామ్ పనికి ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుటుంబాలు హిల్ కాలనీలో, పైలాన్ కాలనీలో ఉండిపోయినయి. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. దాదాలు రాళ్లు మోసిండ్రు, అబ్బాలు మెకానిక్ షాపులు పెట్టిండ్రు, డ్రైవర్లయిండ్రు. ఇప్పుడు పోతీలు, నవాసీలు డిగ్రీ దాటి పీజీ చదువుతామంటున్నారు. మాషా అల్లా.

పీజీ అంటే మన జిల్లాకు మహాత్మా గాంధీ యూనివర్సిటీ. 2007లో వచ్చింది. అది నల్లగొండ ఊరి అవతల, నార్కట్‌పల్లి దారిలో ఉన్నది. మా నందికొండ నుంచి నల్లగొండకు పెద్దవూర, హాలియా, కనగల్ మీదుగా అరవై కిలోమీటర్ల పైమాటే. అక్కడ బస్టాండులో దిగి ఇంకో బస్సు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం అయింది. చాలా ఇళ్లలో కిరాయి ఫికర్ పోయింది. కానీ బస్సు టికెట్ మాఫీ అయినంత మాత్రాన దారి చిన్నది కాదు, పొద్దు ఆగదు.

ఒక లెక్క చూడండి. ఈ దారిలో వెళ్లి చదివే పిల్లకు చివరి పీరియడ్ నాలుగుంబావుకు అయిపోయిందనుకోండి. గేటు దగ్గర బస్సు కోసం నిలబడి నల్లగొండ బస్టాండుకు చేరేసరికి ఐదు. సాగర్ బస్సు దొరికి ఇంటికి వచ్చేసరికి ఏడు దాటుతుంది. నవంబర్, డిసెంబర్‌లలో మగ్రిబ్ ఐదూ నలభైకే. అంటే మగ్రిబ్ అయిపోయిన తర్వాత ఇంకో గంటన్నర ఆ పిల్ల దారిలోనే ఉన్నట్టు. ఇంట్లో అమ్మీ వాకిట్లో నిలబడి ఉంటుంది. పక్కింటి ఖాలా "ఇత్తీ దేర్ కైకూ హుయీ?" అని అడుగుతుంది. నాలుగు రోజులు అబ్బా ఊరుకుంటాడు, ఐదో రోజు "బస్ అబ్, ఘర్ మే బైఠో" అంటాడు.

ఇట్లా కాకూడదని కొందరు పిల్లలు చివరి పీరియడ్ వదిలేసి మూడుంబావుకే బయలుదేరుతారు. అప్పుడు ఇంకో లెక్క ముందుకొస్తుంది. ఒక సబ్జెక్టుకు వారానికి నాలుగు పీరియడ్లు ఉండి, అందులో రెండు రోజు చివర పడ్డాయనుకోండి. ఆ పిల్ల హాజరు ఆ సబ్జెక్టులో యాభై శాతం. పరీక్షకు కూర్చోవాలంటే 75 శాతం ఉండాలి, స్కాలర్‌షిప్ రావాలన్నా 75 ఉండాలి. క్లాసులో చురుకైన పిల్లే కావచ్చు, నోట్సు అంతా రాసుకునే పిల్లే కావచ్చు. కాగితం మీద మాత్రం "హాజరు తక్కువ". ఆ రెండు పీరియడ్లు పొద్దున పదకొండుకు పెట్టి, ఊళ్లోనే ఉండే పిల్లలు ఎక్కువున్న క్లాసును రోజు చివరికి జరిపితే ఆ పిల్ల చదువు ఆగేది కాదు. దానికి కొత్త బిల్డింగు అక్కర్లేదు, ఒక్క రూపాయి ఖర్చు లేదు.

మరి ఎందుకు జరపరు? ఎవరికో మనమీద దుష్మనీ ఉండి కాదు. టైంటేబుల్ రాసే పద్ధతే అట్లా ఉంటుంది. ముందు ల్యాబులు పెడతారు, ఎందుకంటే అవి రెండు మూడు గంటలు వరసగా కావాలి, ల్యాబ్ గది ఒక్కటే ఉంటుంది. తర్వాత మెయిన్ సబ్జెక్టులు. తర్వాత సీనియర్ సార్లకు ఏ గంట ఇష్టమో చూస్తారు. తర్వాత గెస్ట్ లెక్చరర్లు ఏ రోజు రాగలరో చూస్తారు. ఆఖర్న మిగిలిన గళ్లలో మిగిలిన క్లాసులు కుక్కుతారు. ఒక సారు ఒకే గంటలో రెండు చోట్ల ఉండొద్దు, ఒక గదిలో రెండు క్లాసులు పడొద్దు, ఒక గ్రూపు పిల్లలకు రెండు క్లాసులు ఒకేసారి రావొద్దు. ఈ మూడూ కుదిరితే టైంటేబుల్ "సెట్" అయినట్టే. ఏ పిల్ల ఎంత దూరం నుంచి వస్తుంది అన్న గడి ఆ చార్టులో లేనే లేదు. ఎవరు ముందు అడిగితే వాళ్లకు మంచి గంట, అడగనోళ్లకు మిగిలిన గంట. మనం ఎప్పుడూ అడగలేదు.

ఉర్దూ సంగతి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. డిగ్రీలో సెకండ్ లాంగ్వేజ్ పీరియడ్ అంటే అన్ని భాషలూ ఒకే గంటలో నడవాలి. మూడు సెక్షన్ల పిల్లలకు మామూలు గంటల్లో మూడు గదులు సరిపోతాయి. లాంగ్వేజ్ గంట వచ్చేసరికి తెలుగుకు ఒకటి, హిందీకి ఒకటి, సంస్కృతానికి ఒకటి, ఉర్దూకు ఒకటి. మూడు గదులున్న చోట నాలుగు కావాలి. గది తక్కువ పడ్డప్పుడు ఎవరు బయటికి పోవాలి? పన్నెండు మంది ఉన్నోళ్లు. సంస్కృతం వాళ్లు పన్నెండు మందే ఉంటే వాళ్లకూ ఇదే గతి, అది కూడా ఒప్పుకోవాలి. కానీ మన జిల్లా కాలేజీల్లో ఆ పన్నెండు మంది ఎక్కువసార్లు ఉర్దూవాళ్లే.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. నేను చదివిన కాలేజీలో తెలుగు క్లాసు పెద్ద హాల్లో, రెండు ఫ్యాన్ల కింద జరిగేది. నా బడి దోస్తులు ఉర్దూ తీసుకున్నారు. వాళ్ల క్లాసు ల్యాబ్ పక్క వరండాలో. వానొస్తే క్లాసు లేదు. బ్లాక్‌బోర్డు లేదు. ఉస్తాద్ ఇంకో ఊరి నుంచి వచ్చే గెస్ట్ లెక్చరర్, గంటల లెక్కన జీతం. ఆయన పీరియడ్లు వారంలో ఐదు రోజులకు చల్లి పెట్టారు, రోజుకు ఒకటి. ఒక్క గంట పాఠానికి నాలుగు గంటలు బస్సులో కూర్చుని ఎవరొస్తారు? మొదట వారానికి మూడు రోజులు వచ్చిండు, తర్వాత రెండు, తర్వాత ఇంకో కాలేజీ చూసుకున్నాడు. ఆ ఏడాది చివర్లో "ఉర్దూకు డిమాండ్ లేదు" అన్నారు. డిమాండ్ లేక క్లాసు పోయిందా, క్లాసును నిలవనీయక డిమాండ్ పోయిందా? ఆ ఐదు పీరియడ్లను రెండు రోజులకు కుదించి, వాన పడని ఒక చిన్న గది ఇచ్చి ఉంటే ఆ సవాలుకు జవాబు ఇంకోలా ఉండేదని నా నమ్మకం.

ఇదే ఇలాఖాలో ఒకప్పుడు ఉర్దూ కథ వేరు. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ పుట్టినప్పుడు చదువంతా ఉర్దూలోనే. అంతకు ముందే, 1917లోనే, కితాబుల కోసం దారుల్ తర్జుమా పెట్టారు. తొలి రోజుల్లో 225 మంది పిల్లలు, 25 మంది ఉస్తాదులు. సొంత ఇమారత్ లేదు, బషీర్‌బాగ్‌లో నిజాం కాలేజీ పక్క భవనంలో నడిపారు. మనమంతా ఫోటోల్లో చూసే ఆర్ట్స్ కాలేజీ 1939లో గానీ తెరుచుకోలేదు. అంటే ఇరవై ఏళ్లు ఆ యూనివర్సిటీకి భాష ఉన్నది, సొంత గదులు లేవు. ఇప్పుడు గదులున్నాయి, భాషకు గది లేదు. అయితే ఆ జమానాను తలుచుకుని గర్వపడేటప్పుడు ఇంకో నిజం కూడా గుర్తుంచుకోవాలి. తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లవాడు అప్పుడు సైన్సూ లెక్కలూ కూడా ఉర్దూలోనే చదవాల్సి వచ్చింది. వారపు సెలవు కూడా అప్పుడు జుమా రోజే, ఆదివారం కాదు. హుకూమత్ ఎవరిదైతే టైంటేబుల్‌లో మొదటి గడి వాళ్లది. అప్పుడు మనకు కుదిరిన టైం ఇంకొకరికి బరువైంది. కాబట్టి నేను అడిగేది పాత ఔఖాత్ తిరిగి ఇమ్మని కాదు. ఎవరి హుకూమత్ ఉన్నా, లెక్కలో తక్కువున్నోళ్ల గడి కూడా ముందే రాయాలని అడుగుతున్నాను.

మా ఊరి నీళ్ల కింద దీనికి ఒక పాత నమూనా ఉన్నది. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల విజయపురి ఇక్కడే. డ్యామ్ నీళ్లలో మునగకముందు, 1954 నుంచి 1960 దాకా, నాగార్జునకొండ లోయను తవ్వారు. బయటపడ్డ బౌద్ధ విహారాల నక్ష సాదాసీదాగా ఉంటుంది. నడుమ స్తంభాల మండపం, అందరూ కూర్చుని వినే చోటు. చుట్టూ చిన్న చిన్న గదులు. ఏ విహారం ఏ శాఖ ఆచార్యులకో రాతి మీద చెక్కి పెట్టారు. మహీశాసకులకు ఒకటి, బహుశ్రుతీయులకు ఒకటి, అపరమహావినశైలీయులకు ఒకటి. సముద్రం అవతల సింహళం నుంచి వచ్చే బిక్షువుల కోసం బోధిసిరి అనే ఉపాసిక వేరే కట్టించింది. ఆలోచించండి, ఒకే ధర్మంలో ఉండి పద్ధతులు వేరైన వాళ్లకూ, ఎక్కడో దూరం నుంచి వచ్చేవాళ్లకూ చోటు ముందే లెక్కేసి రాతి మీద రాశారు. మనం కాగితం మీద రాయమంటున్నాం, అంతే.

ఇక జుమా విషయం. దీని మీదే ఎక్కువ గొడవ, ఎక్కువ గలత్‌ఫహ్మీ.

ఇక్కడా లెక్కతోనే మొదలుపెడదాం. ఒక సబ్జెక్టుకు వారానికి నాలుగు పీరియడ్లు, అందులో ఒకటి శుక్రవారం లంచ్ కాగానే, ఒకటింబావుకు. పదిహేను వారాల సెమిస్టర్‌లో మొత్తం అరవై పీరియడ్లు. ప్రతి జుమాకు మస్జిద్‌కు పోయే పిల్లవాడు పదిహేను పోగొట్టుకుంటాడు. మిగిలింది నలభై ఐదు. సరిగ్గా 75 శాతం. వాడికి ఒక్కరోజు బుఖార్ వచ్చినా, ఇంట్లో ఒక్క షాదీ ఉన్నా, గీత కిందికి పడిపోతాడు. అంటే ఆ పిల్లవాడికి జబ్బు చేసే హక్కు కూడా లేదు. పక్కన కూర్చున్న పిల్లవాడికి మాత్రం అదే సబ్జెక్టులో పదిహేను పీరియడ్ల గుంజాయిష్ ఉన్నది. రూలు ఇద్దరికీ ఒకటే, భారం మాత్రం ఒకటి కాదు.

"ఇది సెక్యులర్ కాలేజీ, ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు" అని ఏత్‌రాజ్ చెప్పేవాళ్లున్నారు. 2024 ఆగస్టులో అస్సాం అసెంబ్లీ జుమాకు ఇచ్చే రెండు గంటల విరామాన్ని తీసేసినప్పుడూ ఇలాంటి మాటలే విన్నాం. మలేషియాలో సర్కారీ దఫ్తర్లకు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుంబావు నుంచి రెండూ ముప్పావు దాకా విరామం ఉంటుంది. మనం అంత అడగడం లేదు. మన దీన్‌లో జుమా అంటే రోజంతా పని మానేసే దినం కూడా కాదు. అజాన్ వినగానే బేరం ఆపి రావాలి, నమాజ్ కాగానే మళ్లీ భూమ్మీద చెదిరి రోజీ వెతుక్కోవాలి. అడిగేది సెలవు కాదు, లంచ్ గంటను కొంచెం జరపడం.

ఎట్లా జరపాలో కూడా చెప్తాను. కాలేజీ తొమ్మిదిన్నరకు మొదలై నాలుగుంబావుకు వదులుతుంది అనుకుందాం. గంటకో పీరియడ్ చొప్పున ఆరు, నడుమ ముప్పావుగంట లంచ్. శుక్రవారం ఒక్కరోజు పీరియడ్‌కు ఐదు నిమిషాలు తగ్గించండి. లంచ్‌కు ముందు మూడు కాకుండా నాలుగు పీరియడ్లు పెట్టండి. ఒంటిగంటా పది నిమిషాలకు లంచ్, రెండూ ఇరవై ఐదుకు మళ్లీ క్లాసు, రెండు పీరియడ్లు అయ్యేసరికి సరిగ్గా నాలుగుంబావు. ఒక్క పీరియడ్ పోలేదు, వదిలే టైం మారలేదు, ఎవరి బస్సూ తప్పలేదు. లంచ్ గంటంబావు దొరికింది, అది అందరికీ. జుమాకు పోయేవాళ్లు పోతారు, మిగతావాళ్లు తీరిగ్గా తింటారు, లైబ్రరీలో కూర్చుంటారు. దీనివల్ల ఎవరికి నుక్సాన్?

రంజాన్ కూడా ఇట్లాంటిదే. చాంద్ లెక్కన అది ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో ఇంటర్ పరీక్షలు మార్చి 5 నుంచి 25 దాకా జరిగితే, రంజాన్ మార్చి 2న మొదలైంది. రోజా ఉండి పిల్లలు పరీక్షలు రాశారు, అల్‌హమ్‌దులిల్లా. రంజాన్‌లో ముస్లిం ఉద్యోగులు నాలుగింటికే వెళ్లొచ్చని సర్కారు ఉత్తర్వు ఇస్తుంది. మంచిదే. కానీ ఆ కాగితం ఉద్యోగుల కోసం రాసింది. అదే నెలలో సాయంత్రం దాకా ల్యాబ్ ఉన్న పిల్ల ఇఫ్తార్ బస్సులోనే చేయాలి. 2030లో ఒకే ఏడాదిలో రెండు రంజాన్‌లు వస్తాయి, జనవరిలో ఒకటి, డిసెంబర్‌లో ఒకటి. చాంద్ ఒకరోజు అటూ ఇటూ అయినా నెల మారదు. కాబట్టి ఏ సెమిస్టర్‌లో రంజాన్ పడుతుందో ఈరోజే చెప్పొచ్చు. ఆ నెలలో ల్యాబులు పొద్దున పెట్టడానికి ముందుచూపు చాలు.

"గదులు లేవండీ" అన్నది ఇంకో జవాబు. చాలాచోట్ల అది సగం నిజమే. గది వాడకాన్ని లెక్కపెట్టే పద్ధతి ఒకటి ప్రపంచమంతా ఉన్నది. గది రోజులో ఎన్ని గంటలు నడిచింది, నడిచినప్పుడు ఎన్ని సీట్లు నిండాయి, ఈ రెండూ గుణించాలి. సగం గంటలు నడిచి, సగం సీట్లే నిండితే ఆ గది వాడకం పావు వంతే, ఇరవై ఐదు శాతం. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా అందరికీ గదులు కావాలి, రెండు దాటితే సగం గదులు ఖాళీ. అరవై మంది పట్టే హాల్లో ఇరవై మంది క్లాసు నడుస్తుంటుంది, పక్కన ముప్పై మంది పట్టే గదిలో యాభై మంది ఇరుక్కుని ఉంటారు. ఎందుకంటే "ఆ గది మా డిపార్ట్‌మెంట్‌ది" అని ఎప్పుడో తాళం పడింది. గదిని డిపార్ట్‌మెంట్ జాగీరుగా చూడకుండా, క్లాసు లెక్కను బట్టి ఇస్తే ఉర్దూ పన్నెండు మందికి ఒక చిన్న సెమినార్ గది ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. లాంగ్వేజ్ గంటను మొదటి ఏడాదికి ఒకప్పుడు, రెండో ఏడాదికి ఇంకొకప్పుడు పెడితే ఒకేసారి గదుల కోసం కొట్లాట ఉండదు.

ఖాళీ గంటల్లో ఎంత ఖజానా దాగి ఉన్నదో చూపించింది మన తెలుగు నేలే. 1982లో దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ ఇక్కడ మొదలైంది. మొదటి వైస్ చాన్స్‌లర్ జి. రామ్‌రెడ్డి. 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. ఊరూరా సొంత బిల్డింగులు కట్టుకోలేదు. మామూలు కాలేజీల గదులు ఆదివారం తాళం వేసి ఉంటాయి కదా, అక్కడే స్టడీ సెంటర్లు పెట్టి ఆదివారాలు క్లాసులు నడిపింది. రోజూ కాలేజీకి పోలేని ఎంతమంది ఆపాలు, ఖాలాలు, షాదీ అయిన బేటీలు ఆ ఆదివారం క్లాసులతో డిగ్రీ చేశారో మీ ఖాన్‌దాన్‌లోనే లెక్కపెట్టి చూడండి. కుర్సీలు అవే, బ్లాక్‌బోర్డు అదే. గంట మారింది, అంతే.

ఇప్పుడు ఈ పని చేయడానికి కంప్యూటర్లూ ఉన్నాయి. ఎఫ్ఈటీ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉన్నది. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీలో తయారైన యూనిటైమ్ కూడా ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. వీటిలో షరతులు రాయాలి. కొన్ని తప్పనిసరి, కొన్ని వీలైతే. "ఈ గ్రూపుకు శుక్రవారం ఈ గంట వద్దు", "ఈ సారు పీరియడ్లన్నీ రెండు రోజుల్లోనే ఉండాలి" అని రాస్తే మెషిన్ దాని ప్రకారం గళ్లు నింపుతుంది. కానీ మెషిన్‌కు జుమా అంటే తెలియదు, సాగర్ బస్సు తెలియదు. ఎవరో ఒకరు దాంట్లో రాయాలి. రాయకపోతే కంప్యూటర్ కూడా ఆ పెన్సిల్ చార్టు చేసిన పనే ఇంకా తొందరగా చేసి పెడుతుంది. కాలేజీలు సాఫ్ట్‌వేర్ కొంటున్నాయని ఖుష్ కావడం కాదు, అందులో మన షరతు ఎవరు రాస్తున్నారో అడగాలి.

ఇది మన కౌమ్ ఒక్కదాని మసలా కాదు. పెద్దవూర, చందంపేట తండాల నుంచి వచ్చే లంబాడీ ఆడపిల్లలదీ ఇదే బస్సు, ఇదే చీకటి. పత్తి ఏరే రోజుల్లో పొద్దున కూలికి పోయి కాలేజీకి వచ్చే పిల్లలకు మొదటి పీరియడ్ అందదు. చంటిపిల్ల ఉన్న తల్లికీ, పార్ట్ టైం పనిచేసే కుర్రాడికీ ఇదే తక్లీఫ్. వాళ్లందరితో కలిసి అడిగితే ఇది "ముస్లింల డిమాండ్" కాదు, దూరం నుంచి వచ్చే పిల్లల హక్కు అవుతుంది. ఒంటరిగా దర్ఖాస్తు పట్టుకుని పోయేకన్నా, తండా పెద్దమనిషితో కలిసి ప్రిన్సిపాల్ ముందు కూర్చోవడం మేలు.

ఇక మనం చేయాల్సింది. అమ్మీలకు, అబ్బాలకు నా గుజారిష్ ఇది. దోస్త్‌లో కాలేజీ ఆప్షన్లు పెట్టే ముందే, లేదంటే పీజీ సీటుకు ఫీజు కట్టే ముందే, కాలేజీకి వెళ్లి నాలుగు మాటలు అడగండి. పోయిన ఏడాది టైంటేబుల్ చూపిస్తారా? చివరి పీరియడ్ ఎన్నింటికి, ఏ సబ్జెక్టులు రోజూ చివరే పడ్డాయి? ఉర్దూ సెకండ్ లాంగ్వేజ్‌కు ఉస్తాద్ ఉన్నారా, గది ఏది? శుక్రవారం లంచ్ ఎప్పుడు? ఇవి అడిగే అబ్బాను ఎవరూ కాదనరు, ఇజ్జత్‌తోనే జవాబు చెప్తారు.

రెండోది, టైంటేబుల్ వేసేది సెమిస్టర్ మొదలుకాకముందు. అప్పుడు వెళ్లాలి. క్లాసులు మొదలై నెల గడిచాక వెళ్తే "ఇప్పుడు మార్చలేం" అనే అంటారు, వాళ్ల మజ్బూరీ కూడా నిజమే. ఒక గడి కదిలిస్తే ఇరవై గళ్లు కదులుతాయి. ముందే వెళ్లి, ఎంతమంది పిల్లలు ఏ ఊరి నుంచి ఏ బస్సులో వస్తున్నారో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. కోపంతో పోయే పది మందికన్నా లెక్కతో పోయే ఇద్దరి మాట చెల్లుతుంది.

మూడోది మస్జిద్ కమిటీలకు. జుమా వక్త్ మన దగ్గర పన్నెండు, పన్నెండున్నర మధ్య మొదలై అసర్ దాకా ఉంటుంది. జమాత్ ఎన్నింటికి అన్నది కమిటీ చేతిలో ఉన్నది. కాలేజీ దగ్గరి మస్జిద్‌లో జమాత్‌ను ఒంటిగంటన్నరకు ఖాయం చేసి, బయాన్ కొంచెం కుదిస్తే పిల్లలు రెండింబావుకల్లా క్లాసులో ఉంటారు. కాలేజీని అరగంట జరగమని అడిగేవాళ్లం, మనం పావుగంట జరగలేమా? మన వైపు నుంచి ఒక అడుగు పడితే అవతలివాళ్లకూ అడుగు వేయడానికి లిహాజ్ ఉంటుంది.

చివరగా కాలేజీల్లో, యూనివర్సిటీలో చార్టు ముందు పెన్సిల్ పట్టుకుని కూర్చునే సార్లకు, మేడాలకు. మీ పని ఎంత తలనొప్పో నాకు తెలుసు. ఎవరూ షుక్రియా చెప్పని పని అది. ఒక్కటే అడుగుతున్నాను. ఈసారి ల్యాబుల కంటే ముందు, సీనియర్ల ఇష్టాల కంటే ముందు, ఒక తెల్లకాగితం మీద మీ క్లాసులో అందరికన్నా దూరం నుంచి వచ్చే పిల్ల ఊరి పేరు, ఆమె బస్సు టైం రాసుకోండి. ఆ తర్వాత మొదటి గడి నింపండి. జూన్ ఇంకా దూరంలో లేదు.